ఆరు సెకన్లు తీసేసినా తగ్గని భయం

మూడేళ్ళ క్రితం సంక్రాంతి సెలవుల్లో మా అక్క కూతురికి ఒక దెయ్యం సినిమా చూపించాను. తనకప్పుడు పదేళ్ళు. హ్యారీ పాటర్ పుస్తకాలన్నీ నమిలేసి ఉంది. "హ్యారీ పెద్దయ్యాక చేసిన సినిమా ఒకటుంది, చూస్తావా?" అని ఊరించింది నేనే. "రక్తం గిక్తం ఏమీ ఉండదులేవే" అని మా అక్కకి భరోసా ఇచ్చిందీ నేనే. ఆ తర్వాత వారం రోజులు ఆ పిల్ల లైటు వేసుకుని పడుకుంది. "నీకు బుద్ధుందా రా? చిన్నపిల్లకి అవేనా చూపించేది?" అని అక్క పెట్టిన చీవాట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి.

ఆ సినిమా పేరు 'ద ఉమన్ ఇన్ బ్లాక్' (2012). నేను చేసిన తప్పే అంతకుముందు బ్రిటన్‌లో చాలామంది తల్లిదండ్రులు చేశారని తర్వాత తెలిసింది. ఆ ఏడాది అక్కడి సెన్సారు సంస్థ బీబీఎఫ్‌సీకి అన్నిటికంటే ఎక్కువ ఫిర్యాదులు వచ్చింది ఈ సినిమా మీదే: 134. ఎవరో ఒకరు పనిగట్టుకుని ఉత్తరమో మెయిలో రాస్తేనే ఒక ఫిర్యాదు లెక్కకొస్తుందని గుర్తుంచుకుంటే అది చిన్న సంఖ్యేమీ కాదు. మరి రక్తం దాదాపు లేని సినిమాకి అంత గొడవెందుకు? దానికి జవాబు కావాలంటే ఈ కథ ప్రేక్షకుల చరిత్ర కొంచెం తిరగెయ్యాలి. (కథ మొత్తం బయటపెట్టేస్తున్నాను. చూడనివాళ్ళు ముందు చూసి రండి.)

మూలం సూజన్ హిల్ 1983లో రాసిన చిన్న నవల. ఆర్థర్ కిప్స్ అనే కుర్ర లాయరు, చనిపోయిన ఒక ముసలావిడ కాగితాలు సర్దడానికి ఈల్ మార్ష్ హౌస్ అనే ఇంటికి వెళ్తాడు. చుట్టూ బురదనేల. పోటు వస్తే దారి మునిగిపోతుంది. అక్కడ నల్లబట్టల్లో ఒక స్త్రీ కనిపిస్తుంది. పేరు జెన్నెట్. పెళ్ళికాకుండా తల్లయిందని కొడుకుని లాక్కుని అక్క చేతికిచ్చారు. ఆ పిల్లాడు గుర్రబ్బండితో సహా బురదలో కూరుకుపోయి చనిపోయాడు. ఆమె ఎవరికైనా కనిపిస్తే చాలు, ఊళ్ళో ఒక పసివాడు చస్తాడు. రాసింది ఇరవయ్యో శతాబ్దం చివర్లోనే అయినా, నవల పాతకాలపు ఇంగ్లిష్ దెయ్యం కథల పద్ధతిలోనే నడుస్తుంది. క్రిస్మస్ ముందు రాత్రి నిప్పు దగ్గర చేరి కథలు చెప్పుకోవడంతో మొదలై, చెప్పలేని ఒకే ఒక్క కథ మిగిలిపోయిన మనిషి నోట్లోంచి సాగుతుంది.

దీన్ని మొదట జనం మధ్యకి తెచ్చింది సినిమా కాదు, నాటకం. 1987 క్రిస్మస్ సీజన్ కోసం స్కార్‌బరో అనే సముద్రతీరపు ఊళ్ళోని థియేటర్‌కి తక్కువ ఖర్చులో ఏదైనా కావాల్సొస్తే, స్టీఫెన్ మాలాట్రాట్ ఈ నవలని ఇద్దరు నటుల నాటకంగా మార్చాడు. ముసలి కిప్స్ తన కథని నలుగురికీ చెప్పడం కోసం ఒక నటుణ్ణి కుదుర్చుకుంటాడు. ఒక వెదురుబుట్టే గుర్రబ్బండి అవుతుంది. మిగతాదంతా చీకటి, రికార్డు చేసిన శబ్దాలు. డబ్బు లేకపోవడమే ఆ నాటకానికి కలిసొచ్చింది. 1989లో లండన్ ఫార్చ్యూన్ థియేటర్‌కి చేరి, మధ్యలో కోవిడ్ విరామం పోను 2023 మార్చి దాకా ఆడింది. 13 వేలకు పైగా ప్రదర్శనలు. నాటకం స్కూలు సిలబస్‌లోకి కూడా ఎక్కడంతో బస్సుల్లో పిల్లలు దిగేవాళ్ళు.

ఆఫీసు పని మీద లండన్‌లో ఉన్నప్పుడు ఒక సాయంత్రం నేనూ వెళ్ళాను. నా ముందు రెండు వరసలూ యూనిఫాముల్లో ఉన్న పిల్లలే. ఒకమ్మాయి కెవ్వుమంటే వరసంతా కెవ్వుమంది, వెంటనే వరసంతా పగలబడి నవ్వింది. మన థియేటర్లలో దెయ్యం సినిమాకి జరిగేది ఇదే కదా! అరుపు, ఆ వెనకే నవ్వు. పక్కవాడు కూడా భయపడ్డాడని తెలియగానే మన భయం సగమవుతుంది. అందరూ కలిసి మోసే బరువు అది.

అదే 1989లో, డిసెంబర్ 24 రాత్రి, ఐటీవీలో టెలిఫిల్మ్‌గా వచ్చింది. స్క్రిప్టు నైజెల్ నీల్‌ది. అందులో నాయకుడు మంచం మీద పడుకుని ఉండగా ఆమె పైకి వాలే సీన్ ఒకటుంది. అప్పట్లో చూసినవాళ్ళు ముప్పయ్యేళ్ళ తర్వాత కూడా దాని గురించే చెప్తారు. థియేటర్లో వందలమంది మోసిన బరువుని ఇక్కడ ఎవరింట్లో వాళ్ళు, పండగ రాత్రి, సోఫాలో కూర్చుని మోశారు. తమాషా ఏమిటంటే, ఆ పాత్ర వేసిన ఏడ్రియన్ రాలిన్స్ తర్వాత హ్యారీ పాటర్ సినిమాల్లో హ్యారీకి తండ్రయ్యాడు. 2012లో అదే పాత్ర కొడుక్కి, అంటే డేనియల్ రాడ్‌క్లిఫ్‌కి వచ్చింది!

రాడ్‌క్లిఫ్ పుట్టింది కూడా 1989లోనే. చివరి హ్యారీ పాటర్ సినిమా 2011 జులైలో వచ్చింది. ఏడు నెలలు తిరక్కుండానే జేమ్స్ వాట్‌కిన్స్ దర్శకత్వంలో, జేన్ గోల్డ్‌మన్ స్క్రీన్‌ప్లేతో, ఒకప్పటి డ్రాక్యులా సినిమాల హ్యామర్ కంపెనీ బేనర్ మీద ఇది దిగింది. హ్యారీతో పాటు పెరిగినవాళ్ళూ, వాళ్ళ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ హాల్లోకి వచ్చేశారు. సర్టిఫికెట్ 12ఏ. అంటే పన్నెండేళ్ళ లోపు పిల్లలు పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని రావొచ్చు.

ఆ సర్టిఫికెట్ కోసం పంపిణీదారులు సినిమాలో ఆరు సెకన్లు కత్తిరించారు. కొన్ని షాట్లని ఇంకాస్త చీకటి చేశారు, కొన్నిచోట్ల సౌండు తగ్గించారు. నాలో ఇంజినీరు ఊరుకోడు కాబట్టి లెక్కేశాను. 95 నిమిషాల సినిమాలో ఆరు సెకన్లంటే వెయ్యో వంతు. మా భాషలో చెప్పాలంటే ఇది అసలు బగ్‌ని వదిలేసి ఎర్రర్ మెసేజ్‌ని దాచెయ్యడం. పైగా దెయ్యం కథలో చీకటి పెంచితే భయం తగ్గుతుందా?

సినిమా మొదటి సీన్ తీసుకోండి. ముగ్గురు ఆడపిల్లలు బొమ్మలకి టీ పార్టీ చేస్తుంటారు. ఉన్నట్టుండి లేచి, ప్రశాంతంగా మూడు కిటికీల్లోంచి దూకేస్తారు. రక్తం లేదు. వాళ్ళ మొహాల్లో భయం కూడా లేదు. ఇందులో ఏ సెకను కత్తిరిస్తారు? కొలవడానికి వీలైనవాటిని కొలిచే పద్ధతికి ఈ సీన్ అందదు. ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం కూడా సినిమా ఆ వయసుకి మరీ భయంకరంగా ఉందన్నదే. వాటిని చాదస్తం అని కొట్టిపారెయ్యడం తేలిక. కానీ ఆ తల్లిదండ్రులు విమర్శకుల కంటే సూటిగా ఒక విషయం పట్టుకున్నారనిపిస్తుంది: ఈ సినిమాలో భయం అక్కడక్కడా లేదు, గాలిలా అంతటా ఉంది. 2014లో బీబీఎఫ్‌సీ కొత్త మార్గదర్శకాలు తెచ్చినప్పుడు, హారర్ విషయంలో రక్తపాతంతో పాటు మనసు మీద పడే ప్రభావాన్నీ, సినిమా మొత్తం ధోరణినీ ఎక్కువగా చూస్తామంది. 2015లో వచ్చిన రెండో భాగానికి 15 సర్టిఫికెట్ పడింది.

ఇక ముగింపు. నవల్లో కిప్స్ బతుకుతాడు, భార్యాబిడ్డలు పోతారు. సినిమాలో భార్య ముందే పోయింది. కిప్స్ ఆ చనిపోయిన పిల్లాడి శవాన్ని బురదలోంచి తీసి తల్లి పక్కన చేరుస్తాడు. ఇక్కడ మన ప్రేక్షకుడు హమ్మయ్య అనుకుంటాడు. మన దెయ్యం సినిమాల లెక్క అదే కదా. పగ తీరితే, కోరిక తీరితే దెయ్యం వెళ్ళిపోవాలి. మన ఊళ్ళలో తలుపు మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాస్తే ఆవిడ చదువుకుని వెనక్కి పోయేది. మన దెయ్యాలు మాట వింటాయి. జెన్నెట్ వినదు. కిప్స్ కొడుకు రైలు పట్టాల మీదికి నడుస్తాడు, తండ్రి వెనకే దూకుతాడు. తర్వాత ఇద్దరికీ తెల్లబట్టల్లో భార్య ఎదురొస్తుంది. కుటుంబం కలిసింది కాబట్టి ఇది సుఖాంతమని కొందరు, చావుకి చక్కెర పూత అని కొందరు. నేను చూసినప్పుడల్లా ఒక్కోసారి ఒక్కో పక్షం.

ఈ కథ నడిచే ఎడ్వర్డియన్ ఇంగ్లండ్ మొదట్లో, పుట్టిన వెయ్యిమందిలో దాదాపు 140 మంది పిల్లలు ఏడాది నిండకుండానే పోయేవాళ్ళు. వాళ్ళేం తప్పు చేశారని ఎవరూ అడగగలిగేవాళ్ళు కాదు. ఊరంతా తలుపులు మూసుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా బతకడం సినిమాలో నాటకీయంగా కనిపిస్తుంది గానీ, అది ఆ కాలపు నిజానికి మరీ దూరం కాదు.

మా మేనకోడలు రెండోరోజు పొద్దున నా దగ్గరికొచ్చి అడిగింది: "మామయ్యా, ఆవిడ కొడుకుని లాక్కుంది పెద్దవాళ్ళు కదా. మరి పిల్లల్నెందుకు చంపుతోంది?"

తను భయపడింది నల్లబట్టలకీ, కిర్రుమనే కుర్చీకీ అనుకున్నాను. కాదు. పెద్దవాళ్ళ తప్పుకి లెక్క పిల్లల దగ్గర తేలుతుందన్న సంగతి తనకి మొదటిసారి తెలిసింది. దానికి ఏ సెన్సారూ కత్తెర వెయ్యలేదు. థియేటర్లో అయితే పక్క పిల్లతో కలిసి అరిచి, నవ్వేసి, కొంత దించుకునేదేమో. మా హాల్లో పక్కన నేనొక్కణ్ణే ఉన్నాను, అదీ ఫోన్ చూసుకుంటూ.

ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. "అది వట్టి సినిమా అమ్మా" అన్నాను. అది జవాబు కాదని తనకీ తెలుసు. ఇప్పుడు తనకి పదమూడేళ్ళు. మొన్న ఫోన్ చేసి, ఆ నవల కొనిపెట్టమంది. కొన్నాను. ఈసారి చదువుతున్నప్పుడు నేనూ పక్కనే ఉంటానని అక్కకి చెప్పాను.