గుండె కూడా కండరమే

1954లో వియన్నాలో ప్రపంచ వెయిట్‌లిఫ్టింగ్ పోటీలు జరిగాయి. అమెరికా జట్టు వైద్యుడు జాన్ జీగ్లర్‌కు అక్కడ ఒక సోవియట్ వైద్యుడితో మాటలు కలిశాయి. రెండు గుక్కలు పడ్డాక ఆయన గుట్టు విప్పాడు. తమ లిఫ్టర్లు పురుష హార్మోన్ టెస్టోస్టిరాన్ వాడుతున్నారని చెప్పాడు.

నాలుగేళ్లకు, 1958లో సీబా కంపెనీ డయానబాల్ అనే స్టెరాయిడ్ మాత్రను అమెరికాలో అమ్మకానికి తెచ్చింది. జబ్బుతో చిక్కి శల్యమైనవాళ్లు మళ్లీ కండ పట్టడానికి ఉద్దేశించిన మందు అది. జీగ్లర్ దాన్ని పెన్సిల్వేనియాలోని యార్క్ పట్నానికి చేర్చాడు. బాబ్ హాఫ్‌మన్ బార్‌బెల్ కంపెనీ ఉన్న ఆ ఊరే అప్పట్లో అమెరికా లిఫ్టర్లకు పుట్టిల్లు.

1960ల మొదట్లో బిల్ మార్చ్, లూయీ రీకీ లాంటి లిఫ్టర్లు ఎత్తే బరువులు చూస్తుండగానే పెరిగిపోయాయి. బయటివాళ్ల కంట పడింది మాత్రం ఒక ఇనుప చట్రం. అందులో బిగించిన బార్‌ను లిఫ్టర్ కొన్ని సెకన్లపాటు ఉన్న బలమంతా పెట్టి నెడతాడు. బార్ అంగుళం కూడా కదలదు. ఐసోమెట్రిక్స్ అనే ఈ వ్యాయామమే విజయ రహస్యమని హాఫ్‌మన్ పత్రిక ఊదరగొట్టింది. చట్రాలు కొనుక్కుని చెమటోడ్చిన కుర్రాళ్లకు మాత్ర సంగతి ఎవరూ చెప్పలేదు.

గుట్టు ఎంతోకాలం దాగలేదు, మోతాదూ అదుపులో ఉండలేదు. జీగ్లర్ రోజుకు 5 నుంచి 10 మిల్లీగ్రాములే వేసుకోమంటే, లిఫ్టర్లు అంతకు ఎన్నో రెట్లు మింగారు. ఆయన విసిగిపోయి వాళ్లకు దూరమయ్యాడు. తాను చేసిన పనికి తర్వాత బాహాటంగానే పశ్చాత్తాపపడ్డాడు. 1983లో గుండె జబ్బుతో కన్నుమూశాడు.

కండలు పెంచే మందు గుండెను విడిచిపెట్టదు, అదీ కండరమే కాబట్టి. ఎడమ గది గోడ మందమై బిగుసుకుపోతుంది. మంచి కొలెస్టరాల్ పడిపోతుంది, చెడ్డది పెరుగుతుంది, రక్తనాళాల్లో కొవ్వు పేరుకుంటుంది. ఎర్రకణాలు ఎక్కువై రక్తం చిక్కబడుతుంది. అద్దం ముందు నిలబడ్డ మనిషికి ఇవేవీ కనిపించవు.

ఒలింపిక్స్‌లో స్టెరాయిడ్ పరీక్షలు 1976లో మాంట్రియల్‌లో మొదలయ్యాయి. ప్రాణనష్టం లెక్క తేలడానికి ఇంకా చాలాకాలం పట్టింది. 1977-82 మధ్య పోటీల్లో ముందు వరుసలో నిలిచిన, స్టెరాయిడ్లు వాడారన్న గట్టి అనుమానం ఉన్న 62 మంది ఫిన్లాండ్ పవర్‌లిఫ్టర్ల వివరాలను పరిశోధకులు 2000లో ప్రచురించారు. 12 ఏళ్లలో వాళ్లలో 12.9 శాతం మంది చనిపోయారు. పోల్చి చూసిన మామూలు జనంలో అది 3.1 శాతమే. చనిపోయిన ఎనిమిది మందిలో ముగ్గురిని బలిగొన్నది గుండెపోటే.

2017లో అమెరికా వైద్యులు 140 మంది బరువులెత్తేవాళ్ల గుండెలను పరీక్షించారు. వాళ్లలో 86 మంది స్టెరాయిడ్లు వాడినవాళ్లు. ఆరోగ్యంగా ఉన్న ఎడమ గది ఒక్కో స్పందనకు తనలోని రక్తంలో సగానికి పైగా బయటికి నెడుతుంది. మందు ముట్టనివాళ్లలో అది సగటున 63 శాతం, వాడినవాళ్లలో 52 శాతం. పరీక్ష నాటికి మానేసి ఉన్నవాళ్లలో 58 దాకా కనిపించింది. రక్తనాళాల సంగతి వేరు. మందు ఎన్నేళ్లు వాడితే అక్కడ కొవ్వు అంత ఎక్కువగా పేరుకుని ఉంది.