గోపన, శోధన మంత్రాలు

గోపన, శోధన మంత్రాలు టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో పాత్రలను, వస్తువులను దాచేవి, దాగినవాటిని పసిగట్టేవి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ తొలి కూర్పులోనే ఈ రెండు రకాలూ ఉన్నాయి.

2000 నాటి మూడో కూర్పులో ‘నాన్‌డిటెక్షన్’ రక్షణను దాటడం పాచికపై ఆధారపడేది. శోధకుడి 20 ముఖాల పాచిక విలువ, మంత్రస్థాయి కలిపి, దాచినవారి మంత్రస్థాయికి 11 చేర్చిన సంఖ్యను అందుకోవాలి. తనను తానే దాచుకుంటే 15 చేర్చాలి. 2014 నాటి అయిదో కూర్పు పాచికను తొలగించింది. అందులో ఈ మంత్రం 8 గంటలపాటు పాత్రను శోధన మంత్రాలకు గురికానివ్వదు.

అదే కూర్పులో ‘డిటెక్ట్ మ్యాజిక్’ పరిధి 30 అడుగులు. అడుగు మందం రాయి, అంగుళం మామూలు లోహం, 3 అడుగుల కలప లేదా మట్టి, పలుచని సీసపు రేకు దాన్ని ఆపుతాయి. ‘ఇన్విజిబిలిటీ’ గంటసేపు నిలుస్తుంది. దాగిన పాత్ర దాడి చేసినా, మంత్రం ప్రయోగించినా తొలగిపోతుంది. ‘సీ ఇన్విజిబిలిటీ’ దాన్ని నిష్ఫలం చేస్తుంది. ‘నిస్టల్స్ మ్యాజిక్ ఆరా’ శోధనను అడ్డుకోదు, తప్పుడు ఫలితం చూపిస్తుంది.

తెలుగు సంప్రదాయంలో ఈ జంటకు దగ్గరివి కంటికి కనబడకుండా చేసే తిరస్కరిణీ విద్య, పోయిన వస్తువుల జాడ తీసే అంజనం.