అరాద్ కోట కందకం

బహ్రెయిన్‌లోని అరాద్ కోట చుట్టూ ఉన్న రక్షణ కందకం. 15వ శతాబ్దానికి చెందిన ఈ కోట చతురస్రాకారంలో, నాలుగు మూలలా గుండ్రని బురుజులతో ఉంటుంది. అరాద్ ఒకప్పుడు విడి దీవి. తరువాతి కాలంలో ముహర్రఖ్ దీవితో కలిసిపోయింది.

పనితీరు: సముద్రం దగ్గరే ఉన్నా, ఈ కందకాన్ని అందుకోసమే తవ్విన బావుల నీటితో నింపేవారు. కందకం శత్రువును పూర్తిగా ఆపదు, ఆలస్యం చేస్తుంది. నీళ్లలో దిగినవాడి నడక మందగిస్తుంది, నిచ్చెన నిలపడానికి గట్టి నేల దొరకదు. ఆ వ్యవధిలో గోడ పైభాగాన ఉన్న ముక్కు ఆకారపు రంధ్రాల నుంచి అతనిపై గురిపెట్టవచ్చు. కాపలా లేని కందకం వల్ల ప్రయోజనం తక్కువ.

పునరుద్ధరణ: 1984-87 మధ్య కోటను బాగుచేశారు. సిమెంటు జోలికి పోకుండా పగడపు రాయి, సున్నం, చెట్ల దుంగలు వాడారు.

వీడియో గేముల్లో: కందకం ఆపదు, ఆలస్యం చేస్తుంది అన్న సూత్రం జాంబీ ఆటల్లో నీటి అడ్డుకూ నప్పుతుంది. మైన్‌క్రాఫ్ట్‌లో నీట మునిగిన జాంబీ చావదు. 2018 నుంచి అది కాసేపటికి ‘డ్రౌన్డ్’ అనే ఈదగల జీవిగా మారుతుంది. అక్కడా నీటితో పాటు గోడ, కాపలా ఉండాల్సిందే.