బొంబాయి సమాజశాస్త్రజ్ఞులు - మన యింటి వరుసలు

తల్లి తోడబుట్టినవానిని మామ యందుము. భార్య తండ్రినిగూడ మామ యనియే పిలుతుము. తండ్రి తోబుట్టువు అత్త. మగనిని గన్నతల్లియు అత్తయే. మేనత్త కొడుకు బావ, అక్క మగడును బావయే. హిందీ మాటలాడువారికి ఈ వరుసలకు వేఱువేఱు పేర్లున్నవి. మనము మాటలు నేర్చిననాటినుండి పలుకుచున్న ఈ పిలుపులలో ఎవరి నెవరు పెండ్లాడవచ్చునను కట్టుబాటు దాగియున్నదని నాకు సంస్కృతము చెప్పిన గురువు లెవ్వరును చెప్పియుండలేదు. ఇరావతీ కర్వే గారి గ్రంథము చదివిన పిదపనే యది నాకు స్ఫురించినది. ఆమెకీ చూపు అలవడిన విద్యాస్థానమేదియని విచారింపగా బొంబాయి విశ్వవిద్యాలయపు సమాజశాస్త్ర శాఖ చరిత్ర తెలియవచ్చినది.

ఆ శాఖ 1919లో ఏర్పడినది. తొలి యాచార్యుడు పాట్రిక్ గెడ్డెస్ అను స్కాట్లండు దేశీయుడు. మొదట జీవశాస్త్రము చదివి, పిదప నగరనిర్మాణమున పేరుగాంచి, 1914లో మన దేశమునకు వచ్చినవాడు. ఇండోరు నగరమును ప్లేగు పీడించుచున్న దినములలో దీపావళి యూరేగింపు త్రోవను మార్పించి, ఏ వీథులవారు తమ వాకిళ్లను శుభ్రముగా నుంతురో ఆ వీథులగుండనే యూరేగింపు సాగునని చాటించెనట. ఉత్తరువుల వలన కాని పని వేడుక వలన నయ్యెను. వీథి వీథియు చీపురు పట్టినది. 1924లో ఆయన బొంబాయి విడిచెను. ఉన్న కొలది కాలములో ఆ శాఖకు ఆయన చేసిన గొప్ప యుపకార మొక శిష్యుని గుర్తించుటయే.

ఆ శిష్యుడు గోవింద సదాశివ ఘుర్యే. 1893లో కొంకణమునందలి మాల్వణులో పుట్టి, సంస్కృతమున ఎం.ఏ. పట్టము పొంది, ఆ భాషనే బోధించుచుండిరి. గెడ్డెస్ ప్రోత్సాహమున ఇంగ్లండు వెడలి, కేంబ్రిడ్జిలో రివర్సు పండితునియొద్ద చదివి, 1922లో ఆయన మరణింపగా హడ్డనుయొద్ద పరిశోధన ముగించిరి. 1924లో బొంబాయి శాఖకు అధిపతియై 1959 వఱకును దానిని నడపిరి. నేనును సంస్కృతపు బడిపంతులనే గనుక ఆయనయందు నాకు కొంత పక్షపాతము గలదని ముందే యొప్పుకొనుచున్నాను.

1932లో వెలువడిన ఆయన గ్రంథము కులమును, జాతిని గూర్చినది. అంతకుముందు రిస్లీ దొర ముక్కుల వెడల్పు కొలిపించి, ముక్కు సన్ననిదైనకొలది కులము పెద్దదగునని సిద్ధాంతము చేసియుండెను. ఘుర్యేగారు ఆ కొలతలనే తిరుగ లెక్కించి, ఈ వరుస ఉత్తర హిందూస్థానమున కొంత సరిపడుచున్నదిగాని తక్కిన రాష్ట్రములలో నిలువదని చూపిరి. కులమునకు వారు ఆఱు లక్షణములు చెప్పిరి: సంఘము ఖండఖండములై యుండుట, హెచ్చుతగ్గులు, కుడుచు కట్టుబాట్లు, కొందఱికి హక్కులు కొందఱికి నిషేధములు, వృత్తి నెన్నుకొను స్వేచ్ఛ లేమి, పెండ్లికి హద్దులు.

ఇక్కడ నాకొక సందేహము. ఘుర్యేగారి గ్రంథమునకు పదునాఱేండ్ల ముందే, 1916లో, కొలంబియా విశ్వవిద్యాలయమున విద్యార్థిగానున్న అంబేడ్కరుగారు కులమునకు మూలమొక్కటే, అది తమలో తామే పెండ్లాడుట, అని ప్రబంధము చదివిరి. మగడు పోయిన స్త్రీ కులములో ‘మిగులు’ అగును. ఆమెను చితిపై నెక్కించుటయో, జీవితాంతము విధవగా నుంచుటయో జరుగును. భార్య పోయిన పురుషునికి ఈడురాని పిల్లను కట్టబెట్టుదురు. సహగమనము, నిర్బంధ వైధవ్యము, బాల్యవివాహము ఈ మూడును కులపు గోడను నిలుపుటకై కట్టిన ఊతములని ఆయన తాత్పర్యము. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహము చేయించినపుడు కులమువా రేల అంతగా మండిపడిరో ఈ మాట చదివినవారికి వెంటనే బోధపడును. ఘుర్యేగారి యాఱు లక్షణములు కులము రూపమును చక్కగ వర్ణించుచున్నవి. కాని అది ఎవరి మెడపై నిలిచియున్నదో అంబేడ్కరు పుటలలోనే కనబడును.

కొండజాతులను ‘వెనుకబడిన హిందువులు’ అని 1943లో ఘుర్యేగారు వ్రాసినదియు నాకు రుచింపలేదు. వారిని వేఱుగా నుంచి కాపాడవలెనన్న ఎల్విన్ వాదమునకు అది ప్రత్యుత్తరము. అంతకు మూడేండ్ల క్రిందటనే, 1940లో, ఆదిలాబాదు అడవులలో కొమురం భీము ప్రాణము విడిచినది నేలకొఱకు, అడవికొఱకు. ఆ గోండులకు తాము హిందువులా కాదా యన్న విచారము ముఖ్యమై యుండెనని తోచదు.

అయినను గురువు గొప్పతనము శిష్యులలో తెలియును. ఇరావతిగారు 1905లో బర్మాలో పుట్టిరి. ఘుర్యేగారియొద్ద ఎం.ఏ. ముగించి బెర్లినునకు వెడలిరి. అచ్చటి ఆచార్యుడు ఫిషరు. తెల్లజాతివారి పుఱ్ఱెల అమరికలోనే వారి బుద్ధిబలము గలదని ఋజువు చేయవలెనని ఆయన కోరిక. ఈమె పుఱ్ఱెలను కొలిచి, అట్టి జాతిభేద మేమియు లేదని తేల్చిరి. పరదేశమున ఆచార్యుని యెదుట ఆయన నమ్మకమునకు విరుద్ధముగా సిద్ధాంతవ్యాసము సమర్పించుటకు ఎంత గుండెనిబ్బరము కావలెనో పరీక్షలు వ్రాసిన వారందఱికిని తెలియును. మహర్షి ధోండో కేశవ కర్వే గారి కోడలై పూనాలో నివసించి, 1939లో దక్కను కళాశాలలో చేరిరి.

1953లో వెలువడిన ఆమె గ్రంథమున భారతదేశపు బంధుత్వములన్నియు ప్రాంతముల వారీగా చర్చింపబడినవి. ఉత్తరమున పిల్లను ఎఱుగని యూరికి, ఎఱుగనివారికి ఇత్తురు. కోడలు ముసుగు తీయక తిరుగవలెను. దక్షిణమున మేనమామ యింటికో, మేనత్త యింటికో పోవును గనుక పుట్టింటికిని మెట్టినింటికిని అంత దూరముండదు. ఇది నేటి వాడుక కాదు. మేనమామ కూతును, మేనత్త కూతును పెండ్లాడుట దక్షిణాదివారి ప్రత్యేకాచారములలో నొకటియని బౌధాయనుడు తన ధర్మసూత్రములలోనే చెప్పియున్నాడు. ఒక ప్రాంతమున ధర్మమైనది మఱియొక ప్రాంతమున దోషమగుట చూచిన పిదప, ‘శాస్త్రము’ అని మన పెద్దలు గద్దించు మాటలో వాడుక పాలెంతయో అడుగవలసినదే.

దక్షిణాది కోడలికి బెదురు తక్కువయన్న మాట మిక్కిలి యథార్థము. కాని నేను చూచిన మఱియొక ప్రక్క గలదు. మా చెల్లెలిని మేనత్త కొడుకునకే యిచ్చితిమి. పిల్ల పరాయి యింటికి పోలేదని మా తల్లి పొంగిపోయెను. పదవ తరగతితో చదువు మాన్పించిరి. మేనత్తయే గదా, చదువు లేదని యెవరు దెప్పుదురని ధీమా. పిమ్మట కష్టము వచ్చినపుడు ఆ పిల్ల ఎవరితో చెప్పుకొనవలెను? తండ్రితో చెప్పినచో ఆయన తన అక్కతో తగవుపడవలెను. అత్తపై నేరము చెప్పుట మేనత్తపై చెప్పుటయే యగును. పుట్టిల్లును మెట్టినిల్లును ఒకటే యైనపుడు ఆడుదానికి పోదగిన రెండవ యిల్లు లేకుండ పోయినది.

తక్కిన శిష్యులను గూర్చి కొంచెము. మైసూరు వాస్తవ్యులు శ్రీనివాస్ గారు తమ మైసూరువారి వివాహములను గూర్చిన గ్రంథమును 1942లో ప్రకటించిరి. 1944లో తెలుగు జానపద గీతములను గూర్చి బొంబాయి విశ్వవిద్యాలయ పత్రికలో వ్రాసిరి. తరువాత ఆక్స్‌ఫర్డు వెడలి గురువుగారి చారిత్రక పద్ధతిని విడిచి, క్రింది కులములు పై కులముల యాచారములు చేపట్టుటకు ‘సంస్కృతీకరణము’ అని పేరిడి, 1952 నాటి కొడగు గ్రంథముతో ప్రసిద్ధులైరి. అక్షయ రమణలాల్ దేశాయి మార్క్సు మతానుయాయి. ఘుర్యేగారు సనాతన భావములు గలవారు. అయినను 1946లో దేశాయిగారు ఆయన పర్యవేక్షణముననే డాక్టరు పట్టము పొందిరి. ఆయన భార్య నీరా దేశాయిగారు ఆధునిక భారత స్త్రీని గూర్చి 1957లో గ్రంథము ప్రకటించి, 1974లో బొంబాయి మహిళా విశ్వవిద్యాలయమున స్త్రీవిషయక పరిశోధనమునకు పునాది వేసిరి. ఆ విశ్వవిద్యాలయమును 1916లో స్థాపించినవారు ఇరావతిగారి మామగారే.

మొన్న సంక్రాంతికి మా యింట అందఱము కూడినపుడు, మా చెల్లెలి కూతును నా కుమారునికి చేసికొనవలెనని మా తల్లి ప్రస్తావించెను. పిల్ల యింటరు రెండవ సంవత్సరము చదువుచున్నది. నేను నోరు తెఱచులోపలనే మా చెల్లెలు, ‘వద్దమ్మా, దానిని చదువుకోనీ’ యని లేచి లోపలికి పోయెను.