అన్నం పెట్టిన నేరం: కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో సాయుధ హింస, పౌరహక్కులు

దాడులతో ప్రభుత్వాన్ని రెచ్చగొడితే అది సామాన్యుల మీద విరుచుకుపడుతుందని, ఆ బాధ భరించలేక జనం తిరుగుబాటు వైపు వస్తారని బ్రెజిల్ గెరిల్లా కార్లోస్ మారిగెల్లా 1969లో రాశాడు. ఈ లెక్కన హక్కులు ఎంత కుదించుకుపోతే హింస అంత గెలిచినట్టు. ఉత్తర తెలంగాణ అనుభవం ఈ సూత్రాన్ని కొంత బలపరుస్తుంది, కొంత తిరగరాస్తుంది.

ముందుగా ‘ఉగ్రవాదం’ అన్న పేరు సంగతి. ఉగ్రవాదాన్ని అణచడానికంటూ తెచ్చిన 1985 నాటి టాడా చట్టాన్ని ఇక్కడ నక్సలైట్లతో పాటు వారి సానుభూతిపరులని అనుమానించిన వారిపైనా ప్రయోగించారు. వెట్టిని ఎదిరించిన రైతుకూలీ సంఘాన్ని, మందుపాతర పెట్టిన దళాన్ని ఒకే గాటన కట్టడంతోనే హక్కుల నష్టం మొదలైంది.

ముందు ఏది, తరవాత ఏది?

1978 సెప్టెంబరులో వేలాది రైతుకూలీలు జగిత్యాలలో ఊరేగారు. మరుసటి నెలలోనే ప్రభుత్వం 1948 నాటి చట్టాన్ని బయటికి తీసి జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. నక్సలైట్ల పార్టీ పీపుల్స్‌వార్ పుట్టింది 1980 ఏప్రిల్ 22న. అంతకుముందు దొరలపై దాడులు జరగలేదని కాదు. అలాంటి దాడుల కేసులోనే ఆదిలాబాద్‌కు చెందిన భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఎమర్జెన్సీలో, 1975 డిసెంబరు 1న ఉరితీశారు. అయినా బహిరంగ సంఘానికి దారులు మూసుకుపోయాకే అడవి దారి వెడల్పయిందన్నది కాలక్రమం చెప్పే సత్యం.

1981 ఏప్రిల్ 20న భూమి హక్కుల కోసం ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్క 13 మంది. హక్కుల సంఘాల లెక్క 60 దాకా వెళ్లింది. మృతుల స్తూపాన్ని 1986లో పేల్చేశారు. ప్రభుత్వమే మళ్లీ కట్టించినా, ఏప్రిల్ 20 వచ్చిందంటే 144వ సెక్షన్ ఏళ్ల తరబడి తప్పలేదు. చనిపోయిన తమ వాళ్లకు దండ వేయడానికి కూడా అనుమతి కావలసి వచ్చింది.

నడుమ నలిగిన ఊరు

రాత్రి తలుపు చప్పుడవుతుంది. తుపాకులతో వచ్చిన అన్నలకు, అంటే నక్సలైట్లకు, ఆ ఇంటి ఇల్లాలు ఉన్న అన్నం పెడుతుంది. తెల్లారి పోలీసులు వచ్చి ఎందరు తిన్నారు, ఎటు పోయారని అడుగుతారు. పెడితే కేసు, పెట్టకపోతే అనుమానం. ఆ అనుమానం ‘ఇన్ఫార్మర్’ అన్న ముద్రగా మారితే దళం వేసే శిక్ష చావే. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడమనే ఊరి ధర్మం రెండు తుపాకుల నడుమ సాక్ష్యంగా మారిపోయింది.

మాట్లాడగలిగిన వాళ్లకూ రక్షణ లేకపోయింది. పౌరహక్కుల సంఘం కరీంనగర్ జిల్లా అధ్యక్షుడు జాపా లక్ష్మారెడ్డి 1986 నవంబరులో హత్యకు గురయ్యారు. మాజీ స్పీకర్ శ్రీపాదరావును 1999 ఏప్రిల్ 13న పీపుల్స్‌వార్ చంపింది. ఒక్కో చావుకూ బహిరంగంగా మాట్లాడే గొంతులు తగ్గుతూ వచ్చాయి.

ఆ గొంతును నిలబెట్టాలని 1997లో ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలో పౌరస్పందన వేదిక, 1998లో కె. బాలగోపాల్ పూనికతో మానవ హక్కుల వేదిక ముందుకొచ్చాయి. రాజ్యాన్నీ దళాన్నీ ఒకే నైతిక ప్రమాణంతో నిలదీయడం వారి పద్ధతి. ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య 2004 అక్టోబరులో జరిగిన చర్చలు ఆ కృషి ఫలమే. కానీ 2005 ఆగస్టులో నక్సలైట్ల పార్టీపై నిషేధం తిరిగి వచ్చింది. ఎన్‌కౌంటర్ జరిగితే కేసు నమోదు చేయాలని, ఆత్మరక్షణో కాదో కోర్టులోనే తేలాలని 2009 ఫిబ్రవరిలో హైకోర్టు చెప్పింది. సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చినా, 2014లో తానే మార్గదర్శకాలు రూపొందించింది.

ఎవరు గెలిచారు?

మారిగెల్లా చెప్పినట్టు నిర్బంధం పెరిగింది, కొంతకాలం దళాలూ పెరిగాయి. అధికారం మాత్రం దళాలకు దక్కలేదు. ఈ జిల్లాల్లో అవి దాదాపు కనుమరుగయ్యాయి. వాటిని అణచడానికి అలవాటు చేసుకున్న పద్ధతి మాత్రం మిగిలింది. 2019 డిసెంబరులో చటాన్‌పల్లి దగ్గర ‘దిశ’ అత్యాచార, హత్య కేసులోని నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపితే జనం పూలు చల్లారు. ఆ కాల్పులు చంపాలనే ఉద్దేశంతో జరిగినవేనని 2022లో సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. విచారణ లేని చావును న్యాయమని నమ్మే మనసును తయారుచేసినంత మేరకు హింస గెలిచిందని ఒప్పుకోక తప్పదు. ఆ గెలుపును తిప్పికొట్టే పని పోలీసులది కాదు, మనందరిది. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రే ఇంద్రవెల్లి స్తూపం దగ్గర నివాళి అర్పించారు. అక్కడ ప్రాణాలు పోయిన ప్రతి ఇంటివాళ్లూ ఎవరి అనుమతీ లేకుండా, ఏ ఏడైనా, పూలతో రాగలిగితే ఆ పని మొదలైనట్టు.