తొడ తిమ్మిరి: రోగి మాటతో తెలిసిన జబ్బు



తొడ ముందువైపు, బయటి పక్కన చర్మం మొద్దుబారుతుంది. సూదులు గుచ్చినట్టు, నిప్పు సెగ తగిలినట్టు మంట. బట్ట రాసుకున్నా ఓర్వలేం. కాలు మాత్రం బాగానే నడుస్తుంది. అయినా ఇంట్లో పక్షవాతమేమోనని భయం మొదలవుతుంది.

ఈ బాధను 1878లో బెర్లిన్ వైద్యుడు మార్టిన్ బెర్న్‌హార్ట్ వర్ణించారు. అప్పటికి ఎక్స్‌రే లేదు. దాన్ని రంట్‌గెన్ కనుగొన్నది 1895లో. రోగి చెప్పిన మాట, చేత్తో చూపిన చోటు, ఇవే ఆ నాటి వైద్యుడికి ముఖ్య ఆధారాలు. 1895లో బెర్న్‌హార్ట్ దీని గురించి మళ్ళీ రాశారు. అదే ఏడాది రష్యా వైద్యుడు వ్లదీమిర్ రోత్, బిగుతుగా నడికట్టు కట్టే గుర్రపు రౌతుల్లో ఈ బాధ గమనించి, దీనికి 'మెరాల్జియా పారెస్థెటికా' అని పేరు పెట్టారు. గ్రీకులో 'మేరోస్' అంటే తొడ, 'ఆల్గోస్' అంటే నొప్పి. మనస్తత్వ శాస్త్రంలో పేరుపొందిన ఫ్రాయిడ్‌కు కూడా ఈ బాధ ఉండేది. ఆయనా 1895లోనే దీనిపై వ్యాసం రాశారు.

కారణం ఏమిటి? నడుము దగ్గర వెన్నులో బయలుదేరిన ఒక నరం, తుంటి ఎముక ముందు మొన పక్కగా, గజ్జలోని గట్టి పట్టీ కిందనుంచి తొడ చర్మానికి చేరుతుంది. ఆ ఇరుకు చోట నరం నొక్కుకుంటే తిమ్మిరి, మంట. ఆ నరం స్పర్శను మాత్రమే మోస్తుంది, కండరాన్ని కదిలించదు. అందుకే కాలి బలం తగ్గదు.

నాటి రౌతు నడికట్టు స్థానంలో నేడు బిగుతు బెల్టు, బిగించిన లంగా బొందు, పెరిగిన పొట్ట ఉన్నాయి. గర్భిణులకూ, మధుమేహం ఉన్నవారికీ ఇది రావచ్చు. కట్టు వదులు చేసి, బరువు తగ్గించుకుంటే చాలామందికి ఉపశమనం కలుగుతుంది.

సరిహద్దు జిల్లాల్లో మనకు ఇంకో చిక్కుంది. మన తిమ్మిరి కన్నడంలో 'జోము', తమిళంలో 'మరత్తుప్పోచ్చు'. ఒట్టి 'కాలు నొప్పి' అంటే వైద్యుడు వెన్నునో, మోకాలినో అనుమానించవచ్చు. మాట అందకపోతే వేలితో తొడమీద హద్దు గీసి చూపండి. మంటా, మొద్దా, ఎప్పుడు ఎక్కువో చెప్పండి. కాలు బలం తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా అది వేరే జబ్బు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

నూరేళ్ళకు పైగా ముందు ఈ జబ్బును పట్టించింది రోగి మాటే. నేటికీ అదే మొదటి పరీక్ష.