మంద్రధ్వనికి మూడవ పెట్టె

ఇంటిలో రెండు స్పీకర్ల స్టీరియో రిసీవరు గలవారు సబ్ వూఫరు అను మూడవ పెట్టెను కొని తెచ్చుకొని, దాని నెచ్చట తగిలింపవలెనో తెలియక ఆలోచనలో పడుట కలదు. కుడికొకటి, ఎడమకొకటి చాలునని చెప్పి అమ్మిన యంత్రమునకు మూడవదానితో నేమి పని? పాత రిసీవరు వెనుకవైపు త్రిప్పి చూచినచో దీనికొఱకు ప్రత్యేకమైన సాకెట్టే యుండదు. ఆ లోటునకు కారణము తెలియవలెనన్న నూఱేండ్ల వెనుకకు పోవలెను.

1925వ సంవత్సరమున అమెరికాలో జనరల్ ఎలెక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అను ఇంజనీర్లు, అయస్కాంతము నడుమ కదలాడు తీగచుట్టకు కాగితపు శంకువును తగిలించి చేసిన లౌడ్ స్పీకరును వివరించుచు నొక పత్రమును ప్రకటించిరి. నేటి స్పీకర్లలో హెచ్చుభాగము ఆ వంశమునకు చెందినవే. అంతకు పూర్వమున్న బాకా స్పీకర్లలో మంద్రధ్వని మిక్కిలి స్వల్పము. ఐనను శ్రోతలు దానిని గొప్ప లోపముగ నెంచకుండుటకు మన చెవి చేయు చిత్రమొకటి కారణము. మూలస్వరము వినబడకున్నను, దానిపై నుండు అతిస్వరములు వినబడినచో మనస్సు మూలస్వరమును తానే పూరించుకొనును. చిన్న రేడియోలో మృదంగము విన్నవారెవ్వరును తొప్పి మ్రోగలేదని ఫిర్యాదు చేయరు. కాని ఆ గుంకారములో చాలభాగము చెవి కల్పించుకొన్నదే!

మంద్రధ్వనిని నిజముగ పుట్టించుట కష్టమైన పని. సెకనుకు 80 కంపనముల ధ్వనికి బదులు 40 కంపనముల ధ్వనిని అంతే బలముతో వెలువరింపవలెనన్న, అదే శంకువు నాలుగు రెట్లు దూరము ముందు వెనుకల కూగవలెను. చిన్న శంకువున కది శక్తికి మించిన శ్రమ. బలవంతము చేసినచో, అదే శంకువునుండి వచ్చు గాత్రమును గూడ వణికించి చెఱచును. కనుక ఈ బరువును వేరొక పెద్ద స్పీకరున కప్పగించుట మేలని తోచినది.

1933 ఏప్రిల్ 27వ తేదీన బెల్ ప్రయోగశాలవారు ఫిలడెల్ఫియాలో జరుగుచున్న వాద్యగోష్ఠిని తీగలమీదుగా వాషింగ్టనునకు పంపి, అచ్చటి సభకు వినిపించిరి. స్టొకోవ్‌స్కీ వాషింగ్టనులో నుండి ధ్వని హెచ్చుతగ్గులను సరిచూచెను. ఆనాడు వాడినవి మూడు మార్గములు. ప్రతి మార్గమునకు మంద్రధ్వనికొక పెద్ద బాకా, పైస్వరములకు వేఱు బాకాలు నుండెను. సెకనుకు 300 కంపనములకడ విభజన జరిగెను. ధ్వనిని విడదీసిరి గాని, మూడు మార్గముల మంద్రధ్వనిని ఒక్కచోట చేర్చలేదు.

చేర్చవలసిన అవసరము 1958 ప్రాంతమున స్టీరియో రికార్డులు ఇండ్లకు వచ్చినపుడు కలిగెను. ఒక పెద్ద బీరువా వంటి స్పీకరునకు చోటిచ్చిన గృహిణి రెండవదానికి ఒప్పుకొనునా? అపుడు రెండు సంగతులు తోడ్పడినవి. మొదటిది, 80 కంపనముల ధ్వనితరంగము పొడవు నాలుగు మీటర్లకు పైన. మన రెండు చెవుల నడుమ దూరము జానెడైన లేదు. అందుచే అట్టి ధ్వని యేమూలనుండి వచ్చుచున్నదో గదిలో గుర్తించుట మిక్కిలి కష్టము. రెండవది, కుడియెడమల మంద్రధ్వని వేఱువేఱుగ నున్నచో రికార్డు గాడిలో ముల్లు పైకి క్రిందికి ఎగిరిపడును. ఆ భయమున రికార్డు చెక్కువారే తఱచుగ మంద్రధ్వనిని రెండు మార్గములకు సమానముగ నుంచుచుండిరి. కనుక ఒక్క పెట్టె చాలును. కొందఱు తయారీదారులు ఒకే శంకువునకు రెండు తీగచుట్టలు చుట్టి, ఒకదానికి కుడి ప్రవాహమును, రెండవదానికి ఎడమ ప్రవాహమును ఇచ్చిరి.

రిసీవరులో వేఱు సాకెట్టు లేదు గనుక, స్పీకరు తీగలనే ముందు ఈ పెట్టెకు తెచ్చి, అందుండి చిన్న స్పీకర్లకు కొనిపోయిరి. పెట్టెలోని తీగచుట్టలు, కండెన్సర్లు ధ్వనిని పంచెడివి. భారమంతయు రిసీవరుపైననే పడెడిది. తరువాత స్వంత ఆంప్లిఫయరు గల పెట్టెలు వచ్చినవి. ఇవి స్పీకరు తీగలనుండి సంకేతమును మాత్రమే గ్రహించును. రిసీవరునకు బరువు దాదాపు లేదు. నేటికిని పాత రిసీవరున కిదియే రాజమార్గము. తీగలు కలుపుటకు ముందు విద్యుత్తు నాపవలెను. రెండు వైపుల నల్లకొసలను ఒకటిగ ముడివేయరాదు. కొన్ని రిసీవర్లలో అట్లు చేసినచో ఆంప్లిఫయరే కాలిపోవచ్చును. మఱియొకటి, దుకాణములలో తఱచుగ చెప్పనిది: ఈ పద్ధతిలో చిన్న స్పీకర్లకు మంద్రధ్వని యథాప్రకారము పోవుచునే యుండును. దానిని అడ్డగించు ఏర్పాటు పెట్టెలో లేనిచో, వాని శ్రమ తగ్గలేదన్నమాట.

సాకెట్టు వచ్చినది సినిమా పుణ్యమున. 1974లో ‘ఎర్త్ క్వేక్’ చిత్రమునకు సెన్సరౌండ్ అను పద్ధతిలో పెద్ద స్పీకర్లతో ప్రేక్షకుల కుర్చీలనే కదలించిరి. 1992లో ‘బ్యాట్‌మన్ రిటర్న్స్’తో వచ్చిన డాల్బీ డిజిటల్ పద్ధతిలో మంద్రధ్వనికి ప్రత్యేక మార్గ మేర్పడెను, ఇంటి సినిమా రిసీవర్లు దానికి తగిన సాకెట్టును పెట్టుకొన్నవి. మేలు జరిగినది గాని, ఈ పెట్టె ఉరుముల కొఱకే యను అపోహయు దానితోనే వచ్చినది. రెండు మార్గముల సంగీతపు రికార్డులో అట్టి ప్రత్యేక మార్గము లేదు. పెట్టె పలుకున దంతయు ఆ రెండింటినుండి తీసికొన్నదే.

విభజనను 80 కంపనముల చెంత నుంచి ప్రారంభించుట మంచిది. స్పీకర్లు మఱీ చిన్నవైనచో కొంత పైకి జరుపవలెను. గది మూలలో పెట్టినచో మ్రోత హెచ్చును, స్పష్టత తగ్గును. చివరగా, పెట్టె వెనుక ఫేజు అను చిన్న మీట యుండును. మృదంగము గల కచేరి నొకదానిని పెట్టి, మీరు నిత్యము కూర్చుండు చోటనే కూర్చుండి, మఱియొకరిచే ఆ మీటను అటు నిటు త్రిప్పించుడు. తొప్పి యేవైపున నిండుగ వినబడునో ఆ వైపుననే మీటను విడిచిపెట్టుడు.